అమ్మకు దోమలనే చెప్పు

మహాదేవీ,

నేను కోడుమూరుకు పోతాండా. నువ్వు చేనికాడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండను. మన పాప మా అమ్మ పక్కన నిద్రపోతాంది.

లేస్తూనే దోమలు కుట్టినచోటల్లా గీరుకుంటాది. గోర్లు కత్తిరించినా. చేతులకూ కాళ్లకూ తులసాకు నలిపి రసం పూయి. అప్పటికీ దురద తగ్గకపోతే ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి అద్దు. అమ్మ తన వక్కాకు సున్నం పెట్టమంటాది, పెట్టొద్దు. నిన్న పెడితే తోలు పొక్కింది. సాయంత్రం వేపాకు పొగ వేయి. తొట్లో పాతనీళ్లు పారబోయి. ఆ తొట్టి కడగమని శానాసార్లు చెప్పినా, ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు.

నేను యాడికి పోయినానని అమ్మ అడిగితే శనగవిత్తనాలకని చెప్పు.

ఇంకొక మాట. దోమలు గౌను కింద కుట్టవు. పొద్దున గౌను మారుస్తూ చూసినా, పాప వీపునా పొట్టనా పొక్కులు ఉండాయి. ఒళ్లు కూడా కాలుతాంది. వాటికి ఏమీ పూయొద్దు. అమ్మ చూసిందంటే అమ్మవారు పోసిందని వాకిట్లో వేపమండలు కట్టి, మందు మాటే ఎత్తనీదు. నేను పోయేది విత్తనాలకు కాదు, డాక్టరును పిలుచుకొని రావడానికి. టీకాలేసే ఆయప్ప మన ఊరికొచ్చిన పొద్దు మీరిద్దరూ కలిసి పాపను గడ్డివాము వెనక దాస్తిరి. ఆ మాట ఇప్పుడెందుకులే, నువ్వూ భయపడే చేస్తివి.

చదివి పొయ్యిలో వేయి. అమ్మ పాపకు నీళ్లు పోస్తానన్నా వద్దను. నేను వచ్చేదాకా ఆమె ముందర పాప గౌను విప్పొద్దు.