మూడో పద్ధతి నాకు తెలియదని మనవి

గృహరుణాల అధికారి గారికి,
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల.

అయ్యా,

విషయం: మూడో పద్ధతి నాకు తెలుసునని ఈ నెల నాలుగో తేదీ గురువారం నాడు తమరి ఎదుట తల ఊపిన మాట వాస్తవమే గాని, సదరు పద్ధతి నాకు తెలియదనియు, అదేమిటో వచ్చే శుక్రవారం మధ్యాహ్నం లోపల తెలియజేయవలసిందనియు కోరుతూ.

నేను విన్నవించుకునేది ఏమనగా, నేను ఏడో తరగతి వరకు చదువుకున్నాను. ఇంట్లోనే మిషను మీద హోటళ్ళకు దిండు గలీబులు, దుప్పట్లు కుట్టి ఇస్తాను. మా వారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మా ఇంటి అప్పు తమరి బ్యాంకులోనే ఉంది. పత్రాల మీద మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు కనుక రాసుకుంటున్నాను. అర్జీ ఎలా ఉండాలో మా మెట్ల దగ్గర గోడకు అంటించిన నీళ్ళ మోటారు అర్జీ చూసి నేర్చుకున్నాను. అది పెట్టాక మోటారు బాగుపడింది కాబట్టి ఈ తీరు పనిచేస్తుందనే నమ్మకం ఉంది.

1. వడ్డీలు దిగుతున్నందున ఏదో ఒకటి తేల్చుకోమని తమరి ఉత్తరం వచ్చింది. ఐదేళ్ళ పాటు కదలని వడ్డీ తొమ్మిది. ఇప్పటిలాగే మారే వడ్డీలో ఉంటే ఈ రోజుకు తొమ్మిదిన్నర. అది ఇంకా దిగవచ్చు, మళ్ళీ ఎక్కనూ వచ్చు. కదలనిది ఎంచుకుని మధ్యలో బయటపడితే జరిమానా. శుక్రవారం మధ్యాహ్నం దాటితే కదలనిది ఇక దొరకదు. ఏ గడిలో టిక్కు పెట్టినా కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇంతవరకు ఉత్తరం నాకు బాగానే అర్థమైంది.

2. నాలుగో తేదీన మేము తమరి దగ్గరకు వచ్చాం. తమరు ఈ రెండూ ఓపికగా చెప్పి, నా వైపు తిరిగి, "మూడో పద్ధతి కూడా ఒకటుంది. అది మీకు తెలిసే ఉంటుంది కదమ్మా?" అన్నారు. నేను తల ఊపాను. తమరు "అయితే సరే" అని కాగితాలు మా వారి చేతికిచ్చారు. ఇందులో తమరి తప్పు ఏమీ లేదు. పనిచేసేటప్పుడు నేను గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరేమడిగినా తల ఊపడమే సమాధానం. నోరు తెరిస్తే సూదులు రాలతాయి. ఆ అలవాటు సూదులు లేనప్పుడు కూడా పోలేదు. తమరి గదిలో ఆ రోజు నా నోట్లో ఒక్క సూది కూడా లేదని ఒప్పుకుంటున్నాను.

3. మెట్లు దిగుతుంటే మా వారు ఆ మూడోది ఏమిటని అడిగారు. నేను, "అది మనకు కుదరదులెండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన నిజమనుకున్నారు. ఇంటికి వెళ్ళి మా అత్తగారితో, మీ కోడలికి బ్యాంకు సంగతులన్నీ తెలుసు, ఆఫీసరే ఆవిడకు చెప్పక్కర్లేదన్నాడు అని చెప్పారు. మా అత్తగారు మేడ మీద బట్టలు ఆరేసే వాళ్ళందరికీ చెప్పారు. అయ్యా, ఇప్పుడు కింది వాటా టీచరమ్మ తన పొదుపు డబ్బు ఎక్కడ వేయమంటావని నన్నే అడుగుతోంది. ఆవిడకు కూడా తల ఊపాను.

4. నిజం కనుక్కుందామని ఈ పదకొండు రోజుల్లో మూడుసార్లు తమరి బ్యాంకుకు వచ్చాను. మొదటిసారి బల్ల దాకా వచ్చి తమరు భోజనానికి వెళ్ళారని తెలిసి సంతోషించి వెళ్ళిపోయాను. రెండోసారి టోకెను తీసుకున్నాను. నలభై రెండు. నలభై రెండు పిలిచినప్పుడు లేచి నిలబడి, కౌంటర్లో ఆవిడ ఏం కావాలని అడిగితే మంచినీళ్ళు ఎక్కడ ఉంటాయని అడిగాను. చూపించింది, తాగాను. మూడోసారి కూడా నీళ్ళే తాగాను.

5. ఈ ఎంపిక మా ఇంట్లో ఎందుకింత చిక్కుగా ఉందో తమరికి తెలియాలి.

మా అత్తగారు ఇంకా ఆగమంటారు. ఆవిడ కూరలు కొట్టు మూసేవేళకు వెళ్ళి బేరం చేసే మనిషి. దిగేదాన్ని తొందరపడి కొనేవాడు వెర్రివాడని ఆవిడ సిద్ధాంతం. తమరి కొట్టు శుక్రవారం మూసేస్తారని చెప్పినా, అందరూ అలాగే అంటారమ్మాయీ అన్నారు.

మా వారు కదలనిదే కావాలంటారు. "దిగేది దిగుతూనే ఉంటుందని ఎవడు రాసిచ్చాడు? రోజూ నేను చూసేది అదేగా. దిగిన ప్రతిదీ మళ్ళీ ఎక్కుతుంది" అని ఆయన వాదన. ఆయన భయం ఊరికే పుట్టలేదు. మేము అప్పు తీసుకున్నప్పుడు వడ్డీ ఎనిమిది. అది పదికి ఎక్కింది. వాయిదా కట్టడానికి ఆయన ఆదివారం డ్యూటీ ఒప్పుకున్నారు. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళను తీసే పని. ఆదివారం జనం ఎందుకు అంతగా ఇరుక్కుంటారో తెలియదు గాని ఇరుక్కుంటారు.

నేను వడ్డీని శాతాల్లో లెక్కపెట్టలేను. ఆదివారాల్లో లెక్కపెట్టుకున్నాను. అర శాతం ఎక్కితే నెలకు ఒక ఆదివారం పోతుంది. పది ఉన్నప్పుడు నాలుగూ పోయాయి. ఇప్పుడు తొమ్మిదిన్నరకు మూడు పోతున్నాయి, ఒకటి ఇంట్లో ఉంటున్నారు. కదలని తొమ్మిదికి సంతకం పెడితే నెలకు రెండు చొప్పున ఐదేళ్ళకు నూట ఇరవై ఆదివారాలు ఇప్పుడే రాసిచ్చేసినట్టు. మారేదాంట్లో ఉండి అది ఎనిమిదికి దిగితే అన్నీ మావే. దిగకుండా పదికి ఎక్కితే మళ్ళీ నాలుగూ పోతాయి. ఆయనేమో పోతాయని భయపడి కదలనిది అంటారు, నేనేమో వస్తాయని ఆశపడి మారేది అనుకుంటాను. ఇద్దరికీ కావలసింది ఒకటే. ఈ మాట ఆయనతో అనలేదు.

ఇంట్లో ఉన్న ఆదివారం ఆయన చేసేదేమీ లేదు. పాత పేపరు పరుచుకుని గోళ్ళు తీసుకుంటారు. నా మిషనుకు నూనె వేస్తానని విప్పి, బిగించేటప్పుడు ఒక మర మిగిల్చి, అది అవసరం లేనిదే అంటారు. మధ్యాహ్నం నోరు తెరుచుకుని నిద్రపోతారు. నాకు కావలసింది అదే.

6. మూడో పద్ధతి ఏమై ఉంటుందా అని కుడుతూ కుడుతూ ఆలోచించాను. గుడ్డ ధర దిగుతున్న రోజుల్లో నేను కావలసిన గుడ్డ మొత్తం ఒకేసారి కొనను. అలాగని పూర్తిగా ఆగను. ఆగితే పని ఆగుతుంది. సగం ఈ వారం ధరకు కొంటాను, సగం తర్వాతి వారానికి వదులుతాను. ధర దిగితే సగానికి లాభం, ఎక్కితే సగానికే నష్టం. అప్పును కూడా అలా సగం కదలని వడ్డీకి, సగం మారే వడ్డీకి పెట్టుకోవచ్చునా? అలాగైతే వడ్డీ ఎనిమిదికి దిగినప్పుడు మాకు పోయేది ఒక్క ఆదివారమే. మళ్ళీ పదికి ఎక్కినా ఇప్పుడు పోతున్న మూడే పోతాయి. తమరు ఆ రోజు చెప్పబోయింది ఇదేనా?

ఇదే అయితే అవునని ఒక్క ముక్క రాసి పంపగలరు. ఇది కాకపోతే ఆ అసలుదేమిటో దయచేసి చెప్పగలరు. మూడోది ఏదైనా సరే, నేను చేసిన ఈ ఊహ కూడా నాలుగో పద్ధతిగా పరిశీలించవలసిందని ప్రార్థన. కింది వాటా టీచరమ్మ పొదుపు సంగతి ఈ అర్జీ పరిధిలోకి రాదని నాకు తెలుసు. వీలైతే అది కూడా చెప్పగలరు.

శుక్రవారం మధ్యాహ్నం దాటకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లిఫ్టు మెకానిక్కు గారి భార్య
(రుణపత్రంలో రెండో సంతకం)
పదిహేనో తేదీ, సోమవారం

మళ్ళీ రాయునది: కవరు అంటించే లోపల మా వారు పని నుంచి వచ్చి ఇది తీసుకుని చదివారు. మూడో అంశం దగ్గర నవ్వారు. ఐదో అంశం రెండుసార్లు చదివారు.

"నూట ఇరవై అని నువ్వే లెక్కేశావా?" అన్నారు.

అవునన్నాను.

"మరి నీకేది కావాలో ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"మీరు మూడోది ఏంటనే అడిగారు. నాకేది కావాలో అడగలేదు."

ఇప్పుడు అడుగుతున్నానన్నారు. సగం సగం కావాలన్నాను. బ్యాంకులో అలాంటిది లేదంటే ఏం చేద్దామన్నారు. లేకపోతే మొత్తం మారేదే కావాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. పెళ్ళయ్యాక ఇంత పెద్ద పోట్లాట ఇదే మొదలు, ఇద్దరికీ బాగా ఆకలేసింది. మా అత్తగారు లోపలి నుంచి వచ్చి, కోడలికి నోరుందన్న సంగతి మేడ మీద ఎవరికీ చెప్పొద్దన్నారు, పొదుపు సంగతి అడిగేవాళ్ళు ఎక్కువవుతారట.

కనుక తమరు ఉత్తరం రాసే శ్రమ అక్కర్లేదు. బుధవారం పదింటికి ఇద్దరం వస్తున్నాం. అడిగేది నేను. తమరి బల్ల ముందు రెండు కుర్చీలు వేయించగలరు. పోయినసారి ఒకటే ఉంటే ఆయన కూర్చున్నారు. ఈసారి కూడా ఒకటే ఉంటే నేను కూర్చుంటాను.