గురువారం గడిలో ఖాళీ

మార్చి 14, శుక్రవారం.

ఈరోజు చేసినవి: దిండు గలీబులు ఆరు ఉతికి ఆరేశాను. వంటింటి పై అరలో సామాను దింపి తుడిచాను. మీ నాన్న చొక్కాలకు గుండీలు మూడు కుట్టాను. మిగిలింది ఈ ఉత్తరం ఒక్కటే.

చిరంజీవి బుల్లికి అమ్మ దీవెనలు. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి, 'అందరం' దగ్గర కాసేపు పెన్ను ఆపాను. ఆ సంగతి చివర్లో చెబుతాను. కంగారుపడి పేజీలు తిప్పకు, ప్రాణాల మీదికి వచ్చిందేమీ కాదు. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు కనుక కాగితం మీద పెడుతున్నాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది మీ నాన్న మోకాలు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు లేదు అంటున్నారు. "అయితే దిగడమే పెట్టుకోండి" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ అలకలో నొప్పి కూడా మరిచిపోయినట్టున్నారు, మూడోరోజు డాబా మీద కనిపించారు.

రెండోది, నేను రాసి పంపిన వారం పనుల పట్టికను మీ ఆఫీసులో అందరూ చూస్తున్నారు, ఏమీ అనుకోవు కదా అని అడిగావు. ఎందుకనుకుంటాను? నువ్వు చేసే పనేమిటో నాకు అర్థమైందే ఆ పట్టిక వల్ల. క్లినిక్కులవాళ్ళు తమ వెబ్ పేజీల్లో పెట్టుకునే అపాయింట్‌మెంట్ల క్యాలెండర్ నువ్వు తయారుచేస్తావు. పేజీలు కూర్చేవాళ్ళు దాన్ని తెచ్చి తమ పేజీలో పెట్టుకుంటారు. పేజీ ఇంకా తయారీలో ఉండగా అందులో రోగుల పేర్లు ఉండవు కాబట్టి, ఇదివరకు వాళ్ళకు ఒక బూడిదరంగు పలక మాత్రమే కనబడేది. గడి ఎంత వెడల్పు ఉండాలో, అక్షరం ఎంత ఉండాలో తెలిసేది కాదు. దర్జీ కుట్టు వేసేముందు గుడ్డను ఒంటిమీద పెట్టి చూపించినట్టు, తయారీలో ఉండగానే నిజం క్యాలెండర్‌లా కనబడాలని నువ్వు అందులో నమూనా వారం ఒకటి పెట్టావు. ఆ వారం నాది. 'మంగళవారం, ఫ్యాను రెక్కలు తుడవడం' చూసి మీ మేనేజరు "ఈవిడ మనకు దొరికితే పనులన్నీ వేళకు అవుతాయి" అన్నాడట. సెలవులు ఎన్ని ఇస్తారో కనుక్కో.

ఇక మూడోది. "అమ్మా, నిమిషం కూడా ఖాళీ ఉంచవు నువ్వు. గురువారం పది నుంచి ఒంటిగంట దాకా గడి తెల్లగా ఉందేమిటి? పేజీలు కూర్చేవాళ్ళు అది నా తప్పనుకుని రోజూ అడుగుతున్నారు" అని రాశావు.

నీ తప్పు కాదు, నాది. అక్కడ 'కూరగాయలు' అని రాసేస్తే సరిపోయేది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు, నిజం రాయడానికి ధైర్యం చాలలేదు. వదిలేశాను.

గురువారం పదింటికి నేను మీ అన్న దగ్గరికి వెళ్తున్నాను.

వాడి పేరెత్తొద్దన్నావు. ఏడు నెలలుగా ఎత్తలేదు. ఆ క్యాలెండర్ మీరిద్దరూ కలిసి మొదలుపెట్టినది. సగంలో "ఇక నావల్ల కాదు" అని ఒక్క ముక్క పంపి వాడు తప్పుకున్నాడు. వాడి సగం కూడా నీ నెత్తిన పడింది. "నన్ను నట్టేట్లో ముంచాడమ్మా" అని నువ్వు ఏడ్చిన రోజు నేనూ వాణ్ని తిట్టుకున్నాను. నెల తర్వాత వాడి గదికి వెళ్తే, చొక్కా గుండీలు పెట్టుకోకుండా తలుపు తీశాడు. బద్ధకమనుకున్నాను. పెట్టుకోలేకపోయాడు, బుల్లీ. రెండు మణికట్లలోనూ నరాలు నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారాయి. కీబోర్డు సంగతి అటుంచు, చేతిలో చెంచా నిలిచేది కాదు.

"చెల్లికి చెబుతానురా" అన్నాను.

"వద్దమ్మా. జాలిపడి మాట్లాడేకంటే కోపంగా ఉండటమే నయం."

"ఏం మనుషులురా మీరు?" అన్నాను గానీ, చివరికి సరే అన్నాను. అది నా మొదటి తప్పు.

కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. గురువారాలు చేతి వ్యాయామానికి తీసుకెళ్తున్నాను. ఒక గిన్నెలో బొత్తాలు పోసి, ఒక్కొక్కటీ రెండో గిన్నెలో వెయ్యమంటారు. మొదటివారం నాలుగు వేశాడు. నిన్న ముప్ఫై ఒకటి.

రెండో తప్పు నిన్న చేశాను. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను, నిన్ను అడగకుండా. క్యాలెండర్ బాగానే కనబడుతోందనీ, లోపలి రోజు గడులు మాత్రం తయారీలో ఉండగానే నిజం రోగుల కోసం వెతుక్కుంటూ ఎర్రటి తప్పులు చూపిస్తున్నాయనీ, ఇరవయ్యో తేదీలోగా సరికాకపోతే నీ క్యాలెండర్ మొత్తాన్నీ పక్కన పడేస్తారనీ రాశావు కదా, అది.

వాడు బొత్తాలు వదిలేశాడు. "మళ్ళీ చదువు." చదివాను. "నీ పద్దుల పుస్తకం తియ్యమ్మా. నేను చెబుతా, నువ్వు రాయి."

"నాకేం తెలుసురా ఈ గోల?"

"తెలియక్కర్లేదు. పాల పద్దు రాసినట్టు రాయి. చుక్క కూడా వదలకు."

ఒకటిన్నర పేజీ రాశాను. నాకు అర్థమయ్యేలా కూడా చెప్పాడు. "క్యాలెండర్ పెద్ద పెట్టె, రోజు గడులు దాని లోపలి చిన్న పెట్టెలు అనుకో. పెద్ద పెట్టెకి తను ఇంకా తయారీలోనే ఉన్నానని తెలుసు. లోపలి చిన్న పెట్టెలకి ఎవరూ చెప్పలేదు. అవి పని మొదలైపోయిందనుకుంటున్నాయి. పైదాన్ని అడగమని వాటికి నేర్పాలి. పుట్టగానే కాదు, పేజీలో కుదురుకున్నాక అడగాలి. ఆ ముక్క నా సగంలోది. రాయకుండానే వచ్చేశాను."

"చెప్పకపోతే పెట్టెకే తెలియడం లేదు, చెల్లికి ఎలా తెలుస్తుందిరా?" అన్నాను.

వాడు బొత్తాల గిన్నె పక్కకు జరిపాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి గిన్నెలు తీసుకెళ్ళింది.

"ఇదంతా ఎవరు చెప్పారని రాయను?" అని అడిగాను.

పెన్ను ఇమ్మన్నాడు. కాగితం కింద తనే రాశాడు, 'బుల్లీ, ఇది నా సగం' అని. నాలుగు మాటలు, ఆరు నిమిషాలు. ఆ కాగితం ఇందులోనే పెట్టాను. సోమవారానికల్లా నీకు చేరుతుందని కొరియర్ అతను మాట ఇచ్చాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నవ్వినా ఫరవాలేదు, వాడికి అదే ఇష్టం.

కోప్పడాలనుకుంటే ముందు నా మీద కోప్పడు, తర్వాతే వాడి వంతు. జాలి మాత్రం అక్కర్లేదట. తిట్టడానికి అయితే ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతానన్నాడు.

నమూనా వారంలో ఆ తెల్ల గడి నింపెయ్యి. గురువారం, పది నుంచి ఒంటిగంట: అబ్బాయితో. పేజీలు కూర్చేవాళ్ళు ఇక నిన్ను అడగరు.

ఇట్లు,
రెండు తప్పులూ ఒప్పుకున్న
మీ అమ్మ

నా పుస్తకంలో నిన్నటి పద్దు: అన్న చెల్లికి బాకీ ఉన్న పని, ఒకటిన్నర పేజీ. చెల్లు.