కుర్చీ దిగిన రోజు

కబైగ్వాన్,
బుధవారం, ఫిబ్రవరి 20, 2008

నా మిగ్దాలియాకు,

అక్షరాలు ఇంత లావుగా, బడికి కొత్తగా వెళ్ళిన పిల్లాడు రాసినట్టు ఉన్నాయేమిటని విసుక్కుంటున్నావు కదూ. పేజీకి ఎనిమిది వరసలే పట్టాయి. ఓపిక చేసుకుని చదువు. ఎందుకిలా రాశానో ఇందులోనే చెబుతాను. నిజానికి కిందటి ఆగస్టులోనే చెప్పాల్సిన మాట ఇది.

నువ్వు బరకోవాకు వెళ్ళి రెండు నెలలైంది. బాలింతగా ఉన్న మన అమ్మాయిని చూసుకోవాలని చెప్పి వెళ్ళావు. అమ్మాయి అత్తగారు ఆ పక్కింట్లోనే ఉంటుందని, పురుళ్ళు పోయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషని నాకు తెలియనిదా? నువ్వు వెళ్ళింది నా మీద అలిగి. ఎందుకు అలిగావో నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా చుట్టల కార్ఖానాలో పనివాళ్ళకు రోజుకు నాలుగు గంటలు పేపర్లూ నవలలూ గట్టిగా చదివి వినిపించే మనిషిని, ఇంట్లో పెళ్ళాంతో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను.

నిన్న కమాండర్ దేశాధ్యక్ష పదవి నుంచి దిగిపోయాడు. అక్కడా ఇదే గోలై ఉంటుంది. పొద్దున ఐదింటికి నేను రేడియో పక్కన కూర్చుని ఉండగా చెప్పారు, ఇక పదవి తీసుకోనని ఆయన ఉత్తరం రాశాడని. పొయ్యి మీద కాఫీ పొంగి మాడిపోయింది. ఈ నెల రేషన్‌లో అదే ఆఖరిది. దాని సంగతే పట్టలేదు నాకు. నేను పదవులూ గిదవులూ పట్టించుకునే మనిషిని కాను, నీకు తెలుసు. ఆయన్ని మెచ్చుకున్న రోజులున్నాయి, పళ్ళు నూరుకున్న రోజులూ ఉన్నాయి. కానీ కుర్చీలో అలాగే ఉండిపోయాను, నాన్న పోయిన పొద్దున ఉన్నట్టు.

కార్ఖానాకు వెళ్ళేసరికి అందరూ వచ్చేసి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరి ఆకు వాళ్ళు చుడుతున్నారు. ఏం మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం కొందరిది, ఏం మాట్లాడాలో తోచనితనం చాలామందిది. నేను వేదిక మెట్లెక్కి కుర్చీలో కూర్చోగానే ముందు బల్ల నుంచి ఫిలిబెర్తా అందుకుంది.

"ఏవయ్యా బెలర్మీనో, ఇక ఈ దేశంలో కుర్చీ దిగనివాడివి నువ్వొక్కడివే మిగిలావు!"

హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వుకోసమే కాచుకుని ఉన్నట్టు నవ్వారు.

"నేను మీరు ఎన్నుకున్నవాణ్ణి," అన్నాను.

"ఎప్పుడు? అరవై తొమ్మిదిలో ఒక్కసారి చేతులెత్తాం. ఎత్తినవాళ్ళలో సగంమంది మట్టిలో కలిసిపోయారు."

"నవ్వింది చాలు, ఇక చదవండి కామ్రేడ్," అన్నాడు సెక్షన్ పెద్ద ఒనేలియో.

పేపరు తీశాను. మొదటి పేజీలో ఆయన ఉత్తరమే ఉందన్నారు. నాకు కనిపించింది బూడిదరంగు మరక.

ఇప్పుడు చెబుతున్నాను మిగ్దాలియా. నా చూపు మధ్యలో మచ్చ పడింది. ఎటు చూస్తే అటే ఆ మచ్చ. ఎదురుగా చూస్తే మనిషికి మొహం ఉండదు. పక్కకు తిరిగితే అంచుల్లో కాస్త ఆకారం తెలుస్తుంది. దూరమైతే అన్నీ కలిసిపోయి ఒకటే మసక. ఆగస్టులో నీతో చేపలకని చెప్పి వెళ్ళింది కంటి డాక్టరు దగ్గరికి. ఇక చేసేదేం లేదన్నాడు. సెప్టెంబరు నుంచి నేను ఒక్క అక్షరం చదవలేదు. పొద్దున్నే రేడియోలో వార్తలు విని, గుర్తుపెట్టుకుని, అక్కడ పేపరు అడ్డం పెట్టుకుని అప్పజెబుతున్నాను. నువ్వు ఏదో చెప్పబోతే "ఉండవే, వార్తలు" అని నీ నోరు మూయించింది అందుకే. మధ్యాహ్నం చదివే నవల సగంలో ఉండగా కళ్ళు పోయాయి. ఆ సత్రం నడిపే విధవరాలి కథ. మిగతా సగం నా సొంత కవిత్వం. పేజీలు తిప్పుతూ నోటికొచ్చింది చెబుతున్నాను. బాగుందని రోజూ ఆకు కోసే కత్తులతో బల్లలు మోగిస్తున్నారు!

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే కుర్చీ దిగమంటావని. దిగితే నేనెవరిని? అంతే, ఇంతకుమించి గొప్ప కారణమేం లేదు.

నిన్న ఆ ఉత్తరంలో మొదటి రెండు వాక్యాలు గుర్తున్నంతవరకు చెప్పాను. మూడోది గుర్తు రాలేదు. నా సొంత వాక్యం ఒకటి నాలుక చివరికి వచ్చేసింది, చక్కగా, గంభీరంగా. అక్కడ ఆగిపోయాను. సత్రం విధవరాలి నోట్లో నా మాటలు పెట్టగలను గాని ఈయన నోట్లో ఈ రోజు పెట్టలేను. భయంవల్ల కాదు. యాభై ఏళ్ళు ఆయన మాట విన్నవాళ్ళకు వెళ్ళొస్తానన్న మాటైనా ఆయనదే వినిపించాలి కదా.

"కామ్రేడ్స్, నాకు కనిపించడం లేదు," అన్నాను.

"ఎప్పట్నుంచి?" ఫిలిబెర్తా గొంతు.

"సెప్టెంబరు నుంచి."

"మరి ఆ సత్రం మనిషి, ఆ దొంగ పెళ్ళికొడుకు, ఆ పడవ..."

"అదంతా నేను అల్లిందే."

ఎవరో పకపకా నవ్వారు. ఆకుల ఈనెలు తీసే యుడెల్కిస్, ఆ సన్నటి గొంతు పిల్ల, పైకొచ్చి, "నేను చదవనా తాతా?" అంది. తడబడుతూ, కామాల దగ్గర ఆగకుండా, చివరిదాకా చదివింది.

చదవడం అయిపోయింది. ఒక్క కత్తీ కదలలేదు. నచ్చితే కత్తి వెనకవైపుతో బల్ల మీద కొట్టడం, నచ్చకపోతే కింద పడేయడం నువ్వూ ఇరవై ఏళ్ళు చేసిన పనే. నిన్న ఏం చేయాలి? కొడితే ఆయన పోతున్నందుకు సంతోషించినట్టా, ఆయనకు దండం పెట్టినట్టా? పడేస్తే మరీ ఘోరం. నూట పన్నెండు మంది కత్తులు పట్టుకుని బిగుసుకుపోయారు. అప్పుడు ఫిలిబెర్తా వెక్కి వెక్కి ఏడ్చింది. కొడుకు తొంభై నాలుగులో తెప్ప మీద సముద్రంలో పడి దేశం విడిచి వెళ్ళిపోయాక కమాండర్ ఫొటోను గోడవైపు తిప్పి పెట్టిన ఫిలిబెర్తా!

"ఎందుకేడుస్తున్నానో నాకే తెలీదర్రా," అంది. "నా తిట్లన్నీ ఆయనకే దాచుకున్నాను. ఇప్పుడు ఎవర్ని తిట్టేది?"

అప్పుడే నేనూ దిగిపోతానని చెప్పాను. ఎన్నుకున్నది వాళ్ళు కాబట్టి దింపాల్సిందీ వాళ్ళే. ఒనేలియో నిలబడి, బెలర్మీనోను సెలవు తీసుకోనిద్దామనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత అతను గొంతు సవరించుకుని, "నూట పన్నెండు. ఏకగ్రీవం," అన్నాడు.

మోసం చేశాను కాబట్టి అడిగే మొహం లేదు. అయినా నీతో చెప్పుకోక ఎవరితో చెప్పుకోను? ఒక్క చెయ్యైనా కింద ఉంటుందనుకున్నాను, మిగ్దాలియా. ఒక్కటైనా. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

మెట్లు దిగుతుంటే ఫిలిబెర్తా నా చెయ్యి పట్టుకుని అంది, "నవంబరులో అది జుట్టు కత్తిరించుకుంటే నువ్వు ఒక్క మాటైనా అనలేదని ఇక్కడికొచ్చి ఏడ్చింది, గుడ్డిమొద్దూ!" అని. మూడు వారాలు నా ఎదురుగా తిరిగావట. నాకు తెలియలేదే! నీ నడుము వరకు ఉండే జడ ఇంకా అలాగే ఉందనుకుంటున్నాను.

ఇక నన్ను పట్టి ఉంచేది ఇక్కడేం లేదు. వచ్చే నెల బయలుదేరి బరకోవాకు వస్తాను, నువ్వు రమ్మంటే. నీ జవాబు యుడెల్కిస్ చదివి పెడుతుంది. చిన్నపిల్ల, మరీ పచ్చిగా తిట్టకు.

నీ
బెలర్మీనో


బరకోవా,
మంగళవారం, ఫిబ్రవరి 26

మొండి మనిషి బెలర్మీనోకు,

ఈ ఉత్తరం యుడెల్కిస్ చదువుతోంది కాబట్టి రాయాలనుకున్నవాటిలో సగం మింగేస్తున్నాను. అవి వచ్చాక చెవిలో చెబుతాను.

నీ ఉత్తరం గుమ్మంలో కూర్చుని మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి కోపం వచ్చింది. ఆ కళ్ళతో ఆరు నెలలు ఆ మెట్లెక్కావు, ఆ రోడ్డు దాటావు, నా చేతి అన్నం తింటూ నాకు చెప్పలేదు. దీన్ని నేను అంత తొందరగా క్షమించను. నా తప్పూ ఉంది. ఈయన నన్ను చూడటం మానేశాడు, నేను ముసలిదాన్నైపోయాను అనుకున్నాను గాని, నీ కళ్ళకేమైందని ఒక్కసారి అడగలేదు. ఇక తిరిగి వెళ్ళనని అమ్మాయితో అనేశాను కూడా. ఆ మాటే నీకు రాసిన ఉత్తరం దిండు కింద ఉండేది. పొయ్యిలో పెట్టేశాను.

ఆదివారం పక్కింటి ఫోనుకు ఫిలిబెర్తా చేసింది. "నీ మొగుడు బయలుదేరాడా?" అని అడిగి, ఏడుపు మొదలెట్టింది. నువ్వు ఏకగ్రీవం అని కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నావు కదా, విను. యుడెల్కిస్, ఇక్కడ ఆగొద్దు, చదువమ్మా.

ఒనేలియో చేతులెత్తమన్నప్పుడు ఆ హాల్లో ఒక్క చెయ్యి లేవలేదట. నూట పన్నెండు మందీ చేతులు బల్లల మీద పెట్టుకుని నీకేసి చూస్తూ కూర్చున్నారట. ఒనేలియో బిక్కమొహం వేస్తే, ఫిలిబెర్తా లేచి అతని చెవిలో చెప్పిందట, "వద్దన్నామని తెలిస్తే ఈయన ఈ కుర్చీలోనే చస్తాడు, అక్కడ అది ఎదురు చూస్తోంది, పోనివ్వు" అని. నీకు కనిపించదని అప్పుడే చెప్పావుగా, వాళ్ళకు అబద్ధం ఆడటం తేలికైంది. ఐదు నెలలు నువ్వు వాళ్ళకు చేసింది, ఒక్క నిమిషంలో వాళ్ళు నీకు చేశారు.

కాబట్టి నిన్నెవరూ దింపలేదు. పొద్దున పేపరు ఈ పిల్ల చదవనీ, దాని గొంతు ఫర్వాలేదట. మధ్యాహ్నం నువ్వు కథ చెప్పు. పుస్తకం అడ్డం పెట్టుకోవద్దు, అంతే.

ఇక్కడికి మాత్రం రావద్దు. ఇదంతా ఎగుడుదిగుడు కొండదారి, వాన పడితే నేనే జారిపడుతున్నాను. కబైగ్వాన్‌లో ప్రతి గుంతా నీ కాళ్ళకు తెలుసు. నేనే వస్తున్నాను. మనవడికి ముద్దులు పెట్టడం అయింది, వియ్యపురాలు ఉండనే ఉంది.

శనివారం మధ్యాహ్నం బస్సు. స్టాండుకు రా. దిగినవాళ్ళలో నన్ను వెతుక్కుంటూ కంగారుపడకు. కదలకుండా నిలబడు. నీకు ఎదురుగా రాను. పక్కగా వచ్చి నిలబడతాను.

నీ
మిగ్దాలియా