సీసాలోని ఉప్పు

వరంగల్, 1979 మార్చి, సోమవారం రాత్రి

ఇవాళ మా ల్యాబ్ అటెండర్ ఎల్లయ్య రిటైరయ్యాడు. అందరం దండ వేసి టీ తాగాక, నా దగ్గరికొచ్చి ఎంతో సంబరంగా చెప్పాడు.

"అమ్మా, ఇప్పుడు చెప్తున్న. ల్యాబ్ ఉప్పు అయిపోయినప్పుడల్లా మీ పని ఆగొద్దని అంగట్ల కల్లుప్పు కొని, కడిగి, ఎండబెట్టి, మెత్తగ నూరి ఆ సీసలనే పోసిన. మీకు జర గూడ ఫికర్ కానియ్యలే."

"ఎప్పటి నుంచి, ఎల్లయ్యా?"

"గదేడ యాదుంటదమ్మా? అయినా ఉప్పు ఉప్పే గద!"

నవ్వాడు. నేనూ నవ్వాను.

కల్లుప్పులో కాల్షియం ఉంటుంది. కాల్షియం లేని ఉప్పునీటిలో కప్ప గుండె ఆగిపోతుందని పుస్తకాలు చెబుతాయి. కాల్షియం లేదనుకున్న నా ఉప్పునీటిలో మాత్రం కప్పల గుండెలు ఆగలేదు, నీరసంగానైనా కొట్టుకున్నాయి. ఆరేళ్ల పరిశోధనలో నేను కొత్తగా కనిపెట్టింది అదొక్కటే. వచ్చే నెల థీసిస్ ఇవ్వాలి. ఏ గుండె ఏ ఉప్పులో కొట్టుకుందో ఇక ఎవరూ చెప్పలేరు.

గైడ్ గారికి చెప్పాలా? చెబితే... నలభై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి కప్ప నుంచా?

ఎల్లయ్య మీద కోపం రావడం లేదు. రెండేళ్ల కిందట ఒకరోజు ఉప్పునీటి ఫ్లాస్కు అడుగున సన్నటి మడ్డి కనిపించింది. శుద్ధమైన ల్యాబ్ ఉప్పులో మడ్డి ఉండదని నాకు తెలుసు. గుండె మొదటిసారి ఆగకుండా కొట్టుకున్నది ఆ రోజే. మడ్డిని వడకట్టి పారబోశాను. నోటుబుక్కులో గుండె గురించి రాశాను, మడ్డి గురించి రాయలేదు.