బుధవారం పేపర్లో కంత

టైలర్ బావకి,

అంతా క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని రాయడం లేదు.

మూడు వారాలుగా బుధవారం పేపరు ఐదో పేజీకి కంత ఉంటోంది. కత్తెరతో నీటుగా కోసిన కంత. నేను స్నానం చేసి వచ్చేలోపు మీ చెల్లెలు కోసేస్తోంది. అడిగితే "ఏముందండీ, పనికిమాలిన ముక్క" అంటుంది. పనికిమాలినదాన్ని దాచుకోవడం ఎందుకు?

నీకొక్కడికే చెప్తున్నా. మా కార్ఖానా గేటు దగ్గర వేలిముద్రల మిషను పెడుతున్నారు. ఎవరు ఎన్నింటికి వచ్చారో ఇక అదే రాసుకుంటుందట. పదిహేడేళ్ళుగా ఆ పని చేస్తున్న నేను నెలాఖరు దాకానే. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. అదిగాని పేపర్లో పడి, ఆమె చదివేసిందేమోనని హడలి చస్తున్నా.

మీ ఊళ్ళోనూ అదే పేపరు కదా. ఆ చోట ఏముందో కోసి కార్ఖానా అడ్రసుకి పంపు.

నీ బావ

తా.క.: కంత పొడవు నాలుగున్నర అంగుళాలు, వెడల్పు మూడు. నువ్వెలాగూ అడుగుతావు.

*

భయస్తుడైన బావకి,

కొలతలు బాగా తీశావు. నా కొట్లో పనివాళ్ళే ఇంత శుభ్రంగా తియ్యరు. పేపరు బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, కోసి ఇందులో పెట్టాను. మీ కార్ఖానా ఊసే లేదు. "నలభై దాటిన మగవాళ్ళలో గుండెజబ్బు: ఇంట్లోవాళ్ళు గమనించాల్సిన గుర్తులు" అని ఉంది. చెమట, చిరాకు, తిండి మీద ధ్యాస లేకపోవడం. నీకున్నాయా? దాచకు.

నీ బావ

తా.క.: చదివాక నాకూ గుండె పట్టేసినట్టయింది. చొక్కా విప్పితే తగ్గింది. బిగుతు. నేనే కుట్టుకున్నది, ఎవరితో చెప్పుకోను?

*

బావా,

నాకు మూడూ ఉన్నాయి. నిన్న మెట్లెక్కి వస్తే మీ చెల్లెలు "ఆయాసమా?" అంది! మంచం కింద పెట్టెకి తాళం పడింది. స్టోరుకి తోడొస్తానంటే "మీకక్కడ విసుగు" అని ఒక్కతే పోతోంది. శనివారం ముందుగా ఇంటికొస్తే, అద్దం ముందు టేపుతో తన భుజాలు కొలుచుకుంటోంది. నన్ను చూసి టేపు వెనక దాచేసింది.

ఈ బుధవారం మళ్ళీ కంత. మూడు బై మూడు. వెంటనే పంపు, నీకు పుణ్యముంటుంది.

నీ బావ

తా.క.: డాక్టరుకి చూపించుకున్నా. గుండ్రాయిలా ఉన్నావు పొమ్మన్నాడు. మరైతే ఏం దాస్తోంది? జబ్బే ఉంటే కాస్త నిశ్చింతగా ఉండేది.

*

బావా, కూర్చుని చదువు.

కోశాను. "ఒంటరి ఆడవాళ్ళకు గది అద్దెకు. మగవాళ్ళకు ప్రవేశం లేదు" అని ఉంది.

మా చెల్లాయి అలాంటిది కాదు. కానీ చిన్నప్పుడు దాని కొత్త పరికిణీ కోసి నేను సంచీ కుట్టానని మూడు రోజులు మేడ దిగలేదు. నువ్వేం కోశావో గానీ, తప్పు ఒప్పేసుకో.

నీ బావ

తా.క.: అన్నదమ్ములకు ప్రవేశం ఉందో లేదో అందులో రాయలేదు. కనుక్కో.

*

బావా,

ఈవేళ చెప్పేస్తా. నాలుగుసార్లు చెప్పబోయాను. "ఏమే" అంటాను, "ఏంటండీ" అంటుంది, "మంచినీళ్ళు" అంటాను. పొట్ట నిండా నీళ్ళే.

నీ ఉత్తరాలూ, నువ్వు కోసిన ముక్కలూ చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నా. మరోచోట పెట్టే ధైర్యం లేదు. నాలుగు రోజులుగా ఆ చొక్కా విప్పలేదు. ఇందాకే మీ చెల్లెలు బలవంతంగా విప్పించి ఉతకడానికి

అయ్యబాబోయ్

*

అన్నయ్యా,

మీ బావ సగంలో వదిలి పెరట్లోకి పరుగెత్తిన ఉత్తరం ఇందులోనే పెడుతున్నా. మిగతాది నేను రాస్తాను.

చొక్కా తడపబోతూ జేబులో చెయ్యి పెడితే రెండు కూపన్లు. ఒకటి సబ్బులకి, ఒకటి నూనెకి. ఎంత మురిసిపోయానో! కూపన్లు చూపించి కొనడం నామోషీ అని ఒకప్పుడు నన్ను స్టోరు లైన్లో వదిలేసి బయటికి పోయిన మనిషి, నాకోసం తనే కోసి దాచాడనుకున్నాను. వెనకే నీ ఉత్తరాలు తగిలాయి.

ముందూ వెనకా చూడకుండా గుడ్డకి కత్తెర పెట్టవు కదా, కాగితం ఒక్కసారి తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయింది?

ఉద్యోగం సంగతి చదివి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్కడే మోశాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టె తాళం తీసి చూపించాను. సబ్బులు యాభై మూడు, నూనె డబ్బాలు పద్నాలుగు, టీపొడి ఏడాదికి సరిపడా. ఆయన కంటపడింది ఈమధ్యే. నేను కోస్తున్నది ఏడాదిగా. మొన్నటిదాకా పక్కవాళ్ళ పేపర్లు కోసేదాన్ని, వాళ్ళు పేపరు మానేశాక మా ఇంటిది కోస్తున్నా. సబ్బు వాసనకి ఆయన రెండుసార్లు తుమ్మి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

భుజాల సంగతీ చెప్పేశాను. ఏ కూపను ఎప్పటిదాకా చెల్లుతుందో నాకు కంఠతా అని చూసి, స్టోరువాళ్ళు ఒకటో తారీకు నుంచి కౌంటర్లో కూర్చోమన్నారు. ఈయనకి మళ్ళీ నామోషీ అవుతుందని నేనూ నోరు మెదపలేదు. విని కళ్ళు తుడుచుకుని ఏమన్నాడో తెలుసా?

"ఎన్నింటికి ఉండాలి? ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా నేను పంపిస్తా."

స్టోరు కోటు నువ్వే కుట్టాలి. కొలతలు ఆయనే తీశాడు, విడిగా పెట్టాను. ఈసారి రెండువైపులా చూసి కోయి.

నీ చెల్లాయి

తా.క.: నువ్వు పంపిన కూపన్లకి రెండిటికీ గడువు నిన్నటితో సరి. ఇకమీదట కోస్తే బుధవారమే పోస్టులో వెయ్యి.