దీవిలో వాలిన కాకి

బావా,

ఇవాళ జరిగింది ఇక్కడెవరికి చెప్పినా నవ్వుతారు. అందుకే నీకు రాస్తున్నాను.

సముద్రం చూడటానికి మనిద్దరం అండమాన్ పోదామని నువ్వు కొని, మన నాచారం ఇంట్లో మేకుకే వదిలేసి పోయిన బ్యాగు భుజాన వేసుకుని ఇవాళ ఆ అండమాన్‌లోనే తెరచాప పడవ ఎక్కాను. నీ సంవత్సరీకం కాగానే ఈ షికారేమిటని మీ అక్క నాతో మాట్లాడటం మానేసింది.

నీ పదో రోజున ఉప్పల్ చెరువు గట్టున పిండం పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. తీరని కోరికేదో ఉందన్నారు పెద్దలు. మీ నాన్న చేతులు జోడించి, "నీ బిడ్డను మంచిగ సదివిస్తం కొడకా. ఇల్లు పూర్తి జేస్తం. ఏం ఫికర్ వెట్టుకోకు, జర తిను" అని బతిమాలాడు. ఎండెక్కినా రాలేదు. చివరికి ఆవుకు పెట్టి వచ్చేశాం.

ఇవాళ మధ్యాహ్నం దీవిలో దిగి, పొద్దున కలుపుకున్న పులిహోర డబ్బా మూత తీశాను. అలవాటు కొద్దీ మొదటి ముద్ద నీకని రాయి మీద పెట్టాను. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే కాకి వాలింది. నా అరుపుకు పడవలో వచ్చినవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. అది మాత్రం బెదరలేదు. మెతుకు మిగల్చకుండా తిని, ముక్కు రాయికి రుద్దుకుని ఎగిరిపోయింది.

చదువు గురించి చెప్పాం, ఇంటి గురించి చెప్పాం. ఆ రోజు సముద్రం మాట మాలో ఒక్కరూ ఎత్తలేదు బావా.