మునిగుడలో తాత సమాధి

రాయగడ,
12-11-1974

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు ఇందుమతి వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసా. పార్వతీపురంలో నువ్వూ అమ్మమ్మా ఎలా ఉన్నారు? అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి సెలవు పెట్టి మునిగుడ వెళ్ళివచ్చాను. మీ నాన్న సమాధికి ఫోటో తీయించి పంపుతానని నీకు మాట ఇచ్చాను కదా. మేస్టరు ఉద్యోగానికి వెళ్ళి, నీ పసితనంలోనే అక్కడ మలేరియాతో పోయాడనే మనం విన్నాం. చర్చి వెనక సమాధులన్నీ వెతికాను. అమృతరావు అన్న పేరు ఎక్కడా కనిపించలేదు.

చర్చి ఊడ్చే అప్పమ్మ అనే ముసలామె, ఎవరి కోసమని అడిగింది. చెప్పాను. "మేస్టరుగోరి మనవరాలివా అమ్మీ! ఆయన ఇక్కడెందుకుంటాడు? నా ఎనకాల రా" అని ఊరి బయటికి తీసుకుపోయింది.

అమ్మా, అది కుష్ఠురోగుల కాలనీ. తాత సమాధి అక్కడుంది. రాయి మీద 1967 అని చెక్కి ఉంది. నమ్మలేక చేత్తో తడిమి చూశాను.

నీ పెళ్ళినాటికి ఆయన బతికే ఉన్నాడు. నేను పుట్టేనాటికీ ఉన్నాడు. వేళ్ళు లేని చేతుల మధ్య సుద్దముక్క ఇరికించుకుని కాలనీ పిల్లలకు అక్షరాలు నేర్పేవాడట.

ఇంటికి ఎందుకు రాలేదని అడిగాను.

"నానూ అడిగేను. నాను బతికున్నానని తెలిస్తే నా కూతుర్ని ఎవులు సేసుకుంటారప్పమ్మా అనీవోడు. మీ యమ్మ పెళ్ళినాడు కొత్త పంచె కట్టుకుని పొద్దుగూకేదాకా గుమ్మంలోనే కూకున్నాడు" అంది.

ఆయన మీద కోపం తెచ్చుకోకమ్మా. ఈ ఆసుపత్రిలో ఎందరో కుష్ఠురోగులకు కట్లు కట్టాను. మా తాత చేతికి ఒక్కటీ కట్టలేకపోయాను. రాస్తుంటే ఏడుపు ఆగడం లేదు.

నీ
ఇందుమతి

తా.క. ఇది రాయకుండా ఉందామనుకున్నాను, మనసొప్పలేదు. నీ పెళ్ళిరోజు ఆయనకెలా తెలిసిందని నువ్వూ అడుగుతావు. ఏటా క్రిస్మస్ ముందు ఒకామె రైల్లో వచ్చి, ఇంటి కబుర్లన్నీ చెప్పి, తన చేత్తో అన్నం తినిపించి వెళ్ళేదట. మేస్టరుగోరి భార్య అంది అప్పమ్మ. మిషన్ కూటాలకని మనతో చెప్పి ఏటా అమ్మమ్మ వెళ్ళేది అక్కడికే. ఆమె గాజులు తీసేసింది 1967లోనే కదమ్మా. ఎప్పుడో పోయినవాడికి ఇప్పుడెందుకని మనం కోప్పడ్డాం. ఆమెను నువ్వేమీ అడగకు. వచ్చే నెల నేనే వచ్చి, మునిగుడకు నాకు తోడొస్తావా అని అడుగుతాను.